టైరు బలం దారంలో ఉంది

(షోలాపూర్ మరమగ్గ కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో ఎప్పుడూ బోనస్ గురించి, కూలి రేట్ల గురించి మాట్లాడుకుంటాం. ఈరోజు నన్ను సైకిల్ టైరు గురించి మాట్లాడమన్నారు. ఇది నవ్వులాట విషయం కాదు. విడి ఘర్కుల్ నుంచి, పూర్వ భాగం నుంచి అక్కల్‌కోట్ రోడ్డు కారఖానాలకు సైకిల్ మీద వచ్చే మనిషికి దారిలో గాలి పోతే షిఫ్టు తప్పుతుంది. పీసు రేటు మీద బతికేవాళ్ళకు మగ్గం ఆగిన గంట మళ్ళీ రాదు. పంక్చర్ ఖర్చు దానికి అదనం.

ముందుగా టైరు అంటే ఏమిటో చూద్దాం. రబ్బరు పై తొడుగు మాత్రమే. గాలి ఒత్తిడిని పట్టి ఉంచేది లోపలి దారం. 1888లో బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. ఆయన కూడా రబ్బరు గొట్టం మీద గుడ్డే చుట్టాడు. మొదట్లో మామూలు నేతగుడ్డ వాడేవారు. చక్రం తిరిగినప్పుడల్లా పడుగూ పేకా ఒకదాన్నొకటి రాసుకుని పోగులు తెగేవి. అందుకని తరువాత పోగులను పక్కపక్కనే పరిచి, రబ్బరు పట్టించి, ఒక పొర మీద ఇంకో పొరను ఏటవాలుగా అడ్డం వేశారు. అప్పుడు వాడింది నూలు, ఇప్పుడు ఎక్కువగా నైలాన్. నూలు తడిస్తే కుళ్ళుతుంది, నైలాన్ కుళ్ళదు.

కొన్ని టైర్ల మీద ‘టీపీఐ’ అని ఒక అంకె ఉంటుంది. అంగుళానికి ఎన్ని పోగులో చెప్పే లెక్క అది. మనకు కొత్తేమీ కాదు. పోగులు ఎక్కువంటే దారం సన్నం. అలాంటి టైరు తేలికగా దొర్లుతుంది, కోతకు మాత్రం ఆగదు. పోగులు తక్కువంటే దారం లావు. బరువైనా మొండిగా నిలుస్తుంది. పనికి పోయే సైకిల్‌కు అదే మేలు.

కొనేటప్పుడు పాత టైరు పక్కన అచ్చువేసిన సైజు చూసి అదే అడగండి. పెద్ద సైకిళ్ళకు ఎక్కువగా 28 × 1½ వస్తుంది. దాన్నే 40-635 అని కూడా రాస్తారు. 622 అని ఉన్న టైరు మీద 28 అని కనిపించినా ఆ రిమ్ముకు పట్టదు. దుకాణం ముందు ఎండలో వేలాడి పక్కలు పగిలినది తీసుకోవద్దు. బరువంతా ఎక్కువగా వెనక చక్రం మీదే పడుతుంది కాబట్టి ముందు అరిగేది వెనక టైరే. అది అరిగినప్పుడు ముందు టైరు బాగుంటే దాన్ని వెనక్కి మార్చి, కొత్తది ముందు వేయండి. దారం బయటికి కనిపించిన టైరును ఇక నమ్మకండి.

పంక్చర్ అయితే అతికించి ఊరుకోవద్దు. కారణం వెతకండి. చిల్లు ఎక్కడుందో చూస్తే కారణం తెలుస్తుంది.

చిల్లు టైరు వైపు ఉంటే ముల్లో, తీగ ముక్కో. పల్లేరుకాయ, తుమ్మముల్లు టైరులోనే విరిగి ఉంటాయి. గుడ్డతో లోపలంతా తుడవండి, ముల్లుంటే గుడ్డకు తగులుకుంటుంది. తీయకుండా ట్యూబు ఎక్కిస్తే మర్నాడు మళ్ళీ అదే చిల్లు.

చిల్లు రిమ్ము వైపు ఉంటే పుల్ల మొన పొడుచుకుంది. మొన ఆకురాయితో అరగదీసి, రిమ్ము టేపు మార్చండి.

పక్కపక్కనే రెండు కోతలుంటే గాలి తక్కువగా ఉండి, గుంతలో రిమ్ము ట్యూబును నొక్కేసింది.

చిల్లే దొరక్కపోతే వాల్వ్ మూతి మీద ఉమ్మి తడి పెట్టండి. బుడగ వస్తే లోపలి చిన్న రబ్బరు గొట్టం మార్చండి, సరిపోతుంది.

ప్యాచ్ వేసేటప్పుడు గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, అది ఆరి వేలికి అంటనప్పుడే అతికించండి. తడిమీద అతికిస్తే ఊడుతుంది.

అన్నిటికన్నా చవకైన మందు గాలి. టైరు పక్కన రాసిన ఒత్తిడిని మించకుండా వారానికొకసారి కొట్టించండి. వెనక క్యారియర్ మీద మనిషో, మూటో ఎక్కే రోజు తప్పకుండా చూసుకోండి.

చివరగా ఒక మాట. ముళ్ళు రోడ్డు మీద ఉంటే, తీగ ముక్కలు మన కారఖానా ఆవరణలోనే ఉంటాయి. సైకిళ్ళు నిలిపేచోట రోజూ ఊడ్పించాలని, ఎండ పడకుండా రేకులు వేయించాలని యజమానులను అడుగుదాం. ఒక్కరు అడిగితే వినరు, అందరం కలిసి అడుగుదాం.