పాత సర్వర్‌కు కొత్త కొలువు

మేడ్చల్ దారి పొడవునా, శామీర్‌పేట చుట్టుపక్కలా ఇంజనీరింగ్ కాలేజీలు చాలా ఉన్నాయి. బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ 2008లో మొదలైందీ ఈ వైపే. హైదరాబాద్ నగరంలోని కంపెనీలు పక్కన పెట్టే పాత సర్వర్లు తుక్కులోకి పోకుండా ఈ కాలేజీల విద్యార్థుల ల్యాబుల్లోకి రావాలని నా కోరిక.

2009లో వచ్చిన డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్710నే చూడండి. రెండు జియాన్ ప్రాసెసర్లు పడతాయి. ఈసీసీ మెమరీ చిన్న తప్పులను తనే సరిదిద్దుకుంటుంది. లినక్స్‌లోని కేవీఎంతో ఒక్క యంత్రంలో పలువురు విద్యార్థులకు విడివిడి వర్చువల్ మెషీన్లు ఇవ్వొచ్చు. పాఠం చదవడం వేరు, సొంతంగా సర్వర్ నడపడం వేరు.

అయితే లినక్స్ ఎంపికలో జాగ్రత్త అవసరం. 2025లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10 దీనిమీద నడవదు. 2013 నాటి ఇంటెల్ హాస్వెల్ తరంతో వచ్చిన ఇన్‌స్ట్రక్షన్లు ప్రాసెసర్‌లో ఉండాలంటుంది. డెబియన్ 13 నడుస్తుంది. ఆల్మాలినక్స్ 10 పాత ప్రాసెసర్ల కోసం విడిగా ఒక కూర్పు ఇస్తోంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కులే కనబడకపోతే డిస్కులను నడిపే రెయిడ్ కార్డును అనుమానించండి. రెడ్ హ్యాట్ 8 నుంచే కొన్ని పాత కార్డుల డ్రైవర్లను తొలగించారు.

కరెంటు ఖర్చూ చూసుకోవాలి. 150 వాట్లు లాగే యంత్రం రాత్రింబవళ్లు నడిస్తే రోజుకు 3.6 యూనిట్లు, నెలకు 108. ల్యాబు ముగిశాక ఆపేయండి. దూరం నుంచి సర్వర్‌ను అదుపుచేసే ఐడ్రాక్‌ను మాత్రం ఎట్టిపరిస్థితుల్లోనూ నేరుగా ఇంటర్నెట్‌కు కలపకండి. పాత డిస్కుల ఆరోగ్యాన్ని స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో పరీక్షించండి. డెల్ రెయిడ్ కార్డు వెనకున్న డిస్కులకైతే మెగారెయిడ్ ఆప్షన్ జతచేయాలి.