ఉప్పెన మీద వేసిన నింద



ఈ స్మారకోపన్యాసం నాకు పాఠం చెప్పిన మాస్టారి పేరిట జరుగుతోంది. ఆయన గ్రంథాల జాబితా అధ్యక్షులవారు ఇప్పుడే చదివారు. వాటిని నేను మళ్ళీ ఏకరువు పెట్టను. నాకు మిగిలిన మాస్టారు ఒక ఆదివారం మధ్యాహ్నపు మాస్టారు. నేను బి.ఏ. రెండో ఏడు చదువుతుండగా నన్ను బందరు, అంటే మచిలీపట్నంలోని డచ్చివాళ్ళ సమాధుల దగ్గరికి తీసుకెళ్ళారు. ఎండకు రాయి తెల్లగా మెరుస్తోంది, ఒక్క అక్షరం కనబడలేదు. ఆయన టిఫిను క్యారియరు మూతతో బావి నీళ్ళు తెచ్చి రాయి మీద నెమ్మదిగా పోశారు. తడి పాకిన చోటల్లా ఉబ్బెత్తు అక్షరాలు, వాటి పైన వంశచిహ్నం, ఒక్కొక్కటీ నల్లగా తేలుతూ వచ్చాయి. తడి ఆరిపోయేలోగా నేను నకలు రాసుకోవాలి. మూడుసార్లు నీళ్ళు తెచ్చారు. "ముందు చదువు, తరవాత మాట్లాడు" అన్నారు. నా చదువంతా ఆ మాట మీదే నడిచింది.

ఆ మాస్టారే, బందరు రేవు 1864 ఉప్పెనతో ఆఖరైపోయిందని జీవితాంతం నమ్మారు, రాశారు, మాకు పాఠం చెప్పారు. ఆయన బతికుండగా ఈ ఒక్క విషయం మీద ఇరవై ఏళ్ళు ఆయనతో వాదించాను. ఆయన ఒప్పుకోలేదు, నేనూ వదలలేదు. ఆయన పేరిట జరిగే సభలో ఈ తగాదా తేవద్దని ఇద్దరు ముగ్గురు మిత్రులు వారించారు. ఆయనకు నేను చేయగల నివాళి మాత్రం ఇదే. ఆయన నేర్పిన పద్ధతిలో ఆయన మాటను పరీక్షిస్తాను.

బందరు పూర్వచరిత్ర మీకు తెలిసిందే, త్వరగా దాటేస్తాను. పెరిప్లస్‌లో మసాలియా, టాలమీలో మైసోలియా. 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు, 1669లో ఫ్రెంచివాళ్ళు వచ్చి కోఠీలు పెట్టుకున్నారు. 1678లో గోల్కొండ తానీషా స్వయంగా వచ్చి ఊరు చూసి వెళ్ళాడు. 1759లో ఫోర్డ్ నడిపిన ఇంగ్లీషు సేన ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి కోటను లాక్కుంది.

ఇక అసలు విషయం. 1864 నవంబరు 1 రాత్రి, రక్తాక్షి నామ సంవత్సరం కార్తీకం మొదట్లో, సముద్రం ఊరి మీదికి వచ్చింది. పదమూడడుగుల ఎత్తున నీరు లేచిందనీ, సుమారు ముప్పైవేల మంది పోయారనీ లెక్క. గార్డన్ మెకంజీ 1883లో అచ్చువేసిన కృష్ణా జిల్లా మాన్యువల్‌లో ఆ రాత్రి సంగతులు ఉన్నాయి. చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టుకుంటుంది. అందుకే ఈ మాట ముందే చెబుతున్నాను. నేను ఉప్పెనను చిన్నది చేయడం లేదు. అది మనుషుల్ని చంపింది, బావుల్లో ఉప్పు నింపింది, పేటలకు పేటలు తుడిచిపెట్టింది. రేవును చంపిందా అన్నదే నా ప్రశ్న.

అప్పటికి అక్కడ చంపడానికి రేవు ఎంత మిగిలి ఉంది? అరసరత్నం, అనిరుద్ధ రే కలిసి రాసిన పుస్తకం 1994లో వచ్చింది. మచిలీపట్నం, ఖంబాత్ అనే రెండు రేవుపట్నాల చరిత్ర అది. శీర్షికలోనే 1500–1800 అని హద్దు గీశారు. ఉప్పెనకు అరవై నాలుగేళ్ళ ముందే ఆ పుస్తకం మూతపడుతుంది. సంజయ్ సుబ్రహ్మణ్యం 1990 గ్రంథం ఇంకా వెనక, 1650 దగ్గర ఆగుతుంది. ఆయన చూపే బందరు గోల్కొండ ధనంతో, పారసీక వర్తకుల పెట్టుబడితో నడిచిన బందరు. ఈ ఊరికి హవల్దారుగా చేసిన మీర్ జుమ్లా సొంత ఓడలు నడిపాడు. అంటే బందరుకు ప్రాణం గోల్కొండలో ఉంది. 1687లో గోల్కొండ పడింది. ఆ ప్రాణం అప్పుడే సన్నగిల్లడం మొదలైంది.

నా ప్రత్యర్థులు వెంటనే రెండో ఆయుధం తీస్తారు: పూడిక. కృష్ణ మేట వేసింది, ఓడలు ఒడ్డుకు రాలేకపోయాయి, ఉప్పెన దానికి చివరి దెబ్బ కొట్టింది అంటారు. అయ్యా, బందరులో పెద్ద ఓడలు ఒడ్డుకు ఎప్పుడు వచ్చాయి? మహావైభవం రోజుల్లోనూ అవి మైళ్ళ దూరంలో లంగరు వేసేవి. సరుకంతా చిన్న పడవల మీదే దిగేది, ఎక్కేది. అలాంటి రేవునే ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే బంగాళాఖాతంలో మేలైనదని మెచ్చుకున్నాడు. ఊళ్ళో ఇళ్ళు మాత్రం కర్రవని పెదవి విరిచాడు. 1618 నుంచి 1622 దాకా ఇక్కడున్న ఇంగ్లీషు వర్తకుడు మెథ్‌వోల్డ్ గోల్కొండ రాజ్యం మీద రాసిన వృత్తాంతంలో వర్తకం సందడే కనబడుతుంది.

మేట కొత్తదీ కాదు. టాలమీ రేవుగా చెప్పిన కంటకోసిల మన ఘంటసాల. ఇవాళ అక్కడ నిలబడితే చుట్టూ వరిచేలే, సముద్రం కనుచూపు మేరలో లేదు. మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244–45లో అభయశాసనం వేయించాడు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజులు జప్తు చేసుకునే ఆచారాన్ని మాన్పించి, నియమిత సుంకం ఒక్కటే తీసుకుంటానని వర్తకులకు మాట ఇచ్చాడు. ఆ మోటుపల్లి ఇవాళ చిన్న పల్లె. ఈ తీరంలో నది నేలను ముందుకు తోస్తూనే ఉంది. రేవులు జరుగుతూనే ఉన్నాయి. ఇక్కడి వర్తకులకు అది రోజూ తెలిసిన సంగతి. వాళ్ళు దానితో పాటే జరిగారు.

తుఫాను కూడా అంతే. 1679లో ఇదే బందరు మీదికి సముద్రం వచ్చి ఊరిని ముంచింది. ఆ తరవాతా ఓడలు వచ్చాయి, కోఠీలు నడిచాయి. 1679 ఉప్పెన చంపని రేవును 1864 ఉప్పెన చంపిందంటే, ఆ నూట ఎనభై అయిదేళ్ళలో ఇంకేదో జరిగి ఉండాలి. మాస్టారిని ఈ ప్రశ్న అడిగాను. జవాబు చెప్పకుండా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

జరిగిందేమిటో చెబుతాను. దాని మొదలు ఇంకా ముందే ఉంది. 1639లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ డే చెన్నపట్నం స్థలం చూసుకున్నాడు. అక్కడ రేవే లేదు. బట్ట ఇక్కడికన్నా చవకగా దొరుకుతుందన్నది అతని వాదన. అలలు విరిగిపడే బోడి తీరంలో, కుట్టుపడవల మీద సరుకు దించుకుంటూ రెండు శతాబ్దాలకు పైగా ఆ పట్నం పెరిగింది. బందరు లంగరుస్థలంతో పోలిస్తే అది నాసి. అయినా కంపెనీ అక్కడ కూర్చుంది కాబట్టి అది రాజధాని అయింది. 1794లో కంపెనీవారి బందరు కౌన్సిలును ఎత్తేశారు. పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో మన నేతబట్టకు విదేశాల్లో గిరాకీ పడిపోయింది, లాంకషైర్ మిల్లుబట్ట మన బజారుకే వచ్చింది. 1832–33లో నందన కరువు. ఆ డొక్కల కరువులో పోయినవాళ్ళలో సాలెలు ఎందరో! ఓడలో ఎక్కించే సరుకు నేసే చేతులే లేనప్పుడు ఓడ ఎందుకు వస్తుంది?

ఇంకొక్క పోలిక చెప్పి ఈ భాగం ముగిస్తాను. నా వాదనకు ఆయువుపట్టు ఇదే. 1870లలో చెన్నపట్నంలో కృత్రిమ రేవు కట్టడం మొదలుపెట్టారు. 1881 నవంబరులో తుఫాను వచ్చి ఆ అలకట్టలను విరగ్గొట్టింది. ప్రభుత్వం ఏం చేసింది? మళ్ళీ డబ్బు పోసి కట్టింది. తుఫాను దెబ్బ రెండు ఊళ్ళకూ తగిలింది. ఒక ఊరిని కట్టారు, ఒక ఊరిని వదిలేశారు. బెజవాడ మీదుగా ముఖ్య రైలుమార్గం వెళ్ళిపోయింది. బందరుకు ఒక కొమ్మలైను వచ్చేసరికి 1908. అంటే ఉప్పెన తరవాత నలభై నాలుగేళ్ళు. రేవును వదిలేయడం మనుషులు తీసుకున్న నిర్ణయం. మనం దాన్ని సముద్రం నెత్తిన రుద్దేశాం.

ఇదంతా చరిత్రకారుల మధ్య తగువు కదా, మాకెందుకు అని మీరనవచ్చు. ఎందుకో చెబుతాను. కిందటి మాఘంలో బందరు కోట దగ్గర ఒక కుటుంబం కనబడింది. హైదరాబాదు నుంచి పిల్లలతో వచ్చారు. పక్కనే పర్యాటకుల కోసం నిలబెట్టిన ఒక ఫలకం. ఎవరు పెట్టారో చెప్పను. "1864 తుఫానుతో వైభవం అంతరించింది" అని ఒక్క వాక్యంలో తేల్చేసింది. తండ్రి అది చదివి "అయితే చూడ్డానికేం లేదన్నమాట" అన్నాడు. మంగినపూడిలో కాళ్ళు తడుపుకుని, తొక్కుడు లడ్డు కట్టించుకుని సాయంత్రానికి వెళ్ళిపోయారు. లడ్డు మంచిదే, 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ నాలుగు శతాబ్దాల ఊరిని ఆ పిల్లలు చూడకుండా వెళ్ళిపోవడానికి ఆ ఒక్క వాక్యం కారణం.

వాళ్ళను నాతో రమ్మని ఉంటే వలందపాలెం తీసుకెళ్ళేవాణ్ణి. హాలండ్ అన్న మాట మన నాలుక మీద వలంద అయింది, పాలెం అయింది, ఇప్పటికీ ఊళ్ళో ఉంది. ఫ్రెంచివాళ్ళు పరాసులయ్యారు, పరాసుపేట మిగిలింది. ఇంగ్లీషుపాలెం ఉంది, రాబర్ట్‌సన్‌పేట ఉంది. 1843లో మొదలైన నోబుల్ విద్యాలయం ఉప్పెనను దాటి నిలిచింది. రేవు పోయిందన్న ఊళ్ళోనే 1902లో కృష్ణాపత్రిక, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో ఆంధ్రాబ్యాంకు పుట్టాయి. చిలకలపూడిలో గిల్టు నగలకు మెరుగు పెట్టే చేతులు ఉన్నాయి. గిలకలదిండిలో తెల్లవారుజామున పడవలు వచ్చి చేపలు దించుతాయి.

పెడనకు వెళ్ళి ఒక అద్దకం షెడ్డులో నిలబడండి. బట్టకు కరక్కాయ నీరు పట్టించి ఆరవేస్తారు. టేకు అచ్చును పటిక కలిపిన తడిలో అద్ది, బట్ట మీద ఆనించి, మడమతో గుద్దినట్టు అరచేత్తో ఒక్క దెబ్బ వేస్తారు. అచ్చు లేపితే అక్కడ రంగేమీ సరిగా కనబడదు. రంగు కాగులో ఉడికాకే పటిక పడిన మేరకు ఎరుపు బయటికొస్తుంది. పూర్వం ఆ ఎరుపు చిరివేరుది. పెటపోలి, అంటే మన నిజాంపట్నం ప్రాంతపు చిరివేరుకు ఐరోపా వర్తకులు పోటీలు పడ్డారు. మాస్టారు రాతి మీద నీళ్ళు పోసినప్పుడు అక్షరాలు తేలిన తీరు నాకు అక్కడ ప్రతిసారీ గుర్తొస్తుంది.

ఇప్పుడు నేను చేస్తున్న పని గురించి చెప్పి సెలవు తీసుకుంటాను. మూడేళ్ళుగా బందరు పేటల పేర్లు, పాత ఇళ్ళ హద్దులు సేకరిస్తున్నాను. యాత్రికులు చేతిలో పట్టుకుని నడవగలిగిన చిన్న పుస్తకం వేయాలని సంకల్పం. కోట దగ్గర మొదలై, డచ్చి సమాధులు, వలందపాలెం, పరాసుపేట, ఇనుగుదురు మీదుగా గిలకలదిండిలో ముగిసే దారి. 2023లో కొత్త రేవు పనులు మొదలయ్యాయి. రేపు ఓడలు వస్తే మనుషులూ వస్తారు. వాళ్ళ చేతిలో పెట్టడానికి మన దగ్గర ఆ ఫలకం మీది వాక్యం తప్ప ఇంకేదైనా ఉండాలి.

ఈ పనికి గ్రంథాలయాలు చాలవు. పాత విక్రయ దస్తావేజుల్లో హద్దులు రాసేటప్పుడు తూర్పున ఫలానావారి గిడ్డంగి, పడమట ఫలానా సాయిబు అద్దకపు దొడ్డి అని రాసేవారు. నాకు కావలసింది నాలుగు హద్దులు చెప్పే ఆ వాక్యాలే. ఇప్పటిదాకా ముప్పై ఒక్క దస్తావేజులు చూశాను. వాటిలో ఉప్పెన తరవాత రాసినవి పంతొమ్మిది. గిడ్డంగి అన్న మాట వాటిలోనూ ఉంది.

ఈ సభలో బందరు కుటుంబాలవారు చాలామంది ఉన్నారు. మీ పెట్టెల్లో, అటకల మీద రైలు వచ్చిన 1908కి ముందు కాగితం ఏదున్నా, చెదలు తిన్నదైనా సరే, తీసి చూడండి. నిర్వాహకులకు కబురు చేస్తే నేనే మీ ఇంటికి వస్తాను. మీ ముందే నకలు రాసుకుని, కాగితం మీ చేతిలోనే పెట్టి వెళ్తాను.