కొండపైని ఏడు ఇండ్లు
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రామముల మంచిచెడ్డలు ముచ్చటించుకొనుటకు కూడిన ఈ తరుణమున, సముద్రముల కావలనున్న పల్లెను గూర్చిన ప్రసంగ మెందులకని మీకు తోపవచ్చును. పొరుగూరి చెరువుగట్టు చూచి వచ్చి మన గట్టు సరిచేసికొనుట మనకు క్రొత్త కాదు. అట్టి బుద్ధితోనే ఇండోనేషియా దేశపు మారుమూల పల్లె యొకదానిని మీకు పరిచయము చేయదలచినాము. దాని పేరు వాయె రెబో.

ఇండోనేషియా వేలకొలది దీవుల దేశము. అందు ఫ్లోరెస్ యొక దీవి. ఆ దీవి పడమటి భాగమున మంగ్గరాయి జిల్లాలో, సముద్రమట్టమునకు సుమారు 1,100 మీటర్ల ఎత్తున, చుట్టును కొండలు కావలి కాయగా ఈ పల్లె వెలసియున్నది. డెంగె యను ఊరి మీదుగా పోయి, రెండు మూడు గంటలు అడవిబాటను కొండ నెక్కవలెను. మోటారు వాహనములు కొండ దిగువనే ఆగిపోవును. పండిన కాఫీ గింజలు క్రిందికి దిగవలెనన్నను, బియ్యము, ఉప్పు పైకి చేరవలెనన్నను మనుష్యుల తలలు, వీపులే ఆధారము.

పల్లె నడుమ రాతితో కట్టిన గుండ్రని తిన్నె యున్నది. దాని కెదురుగా ఏడు ఇండ్లు వరుసదీరి నిలిచియుండును. గోడలన్న మాట లేదు. కప్పు నేలవరకు దిగి, పెద్ద గడ్డివామివలె కనబడును. కొయ్య, వెదురు, పేము, పీచు, గడ్డి తప్ప ఇనుపమేకు ఒక్కటియు వాడరు. పెద్దయింటిలో ఎనిమిది కుటుంబములు, తక్కిన ఇండ్లలో ఆరేసి కుటుంబములు కాపురముండుట ఆచారము. నడుమ పొయ్యి వెలుగుచుండును. ఆ పొగయే కప్పును, కొయ్యను చెడకుండ కాపాడును.

ఈ ఇంటికి అయిదు అంతరువులు. క్రింది అంతరువున కాపురము. రెండవదానిలో తిండిగింజలు, సామానులు. మూడవదానిలో రాబోవు పంటకు విత్తనములు. నాల్గవదానిలో కరవు వచ్చిననాటికి దాచిన ధాన్యము. శిఖరమున నున్న అయిదవదానిలో పితృదేవతలకు నైవేద్యము. మన పెద్దలు గాదెలను, పాతరలను ఏర్పరచినది ఇట్టి ముందుచూపుతోనే గదా! ఆకలి వేసినను విత్తనము జోలికి పోరాదన్న నీతిని వారు ఇంటి కట్టడములోనే నిలిపినారు.

ఇంతటి పల్లెకును పడిపోవు దినములు వచ్చినవి. 2008లో యోరి అంతార్ అను ఇండోనేషియా వాస్తుశిల్పి తన బృందముతో అచటికి పోవునప్పటికి ఏడిండ్లలో నాలుగే మిగిలియున్నవి. వానిలోను కొన్ని శిథిలములు. ఇల్లు కూలుట ఒక నష్టము. దానిని మరల కట్టు విద్య మరుగుపడుట అంతకు మించిన నష్టము. ఆ విద్య వ్రాతలో లేదు, పెద్దల చేతులలో నున్నది. ఆ పెద్దలు పోయినచో దానిని మరల తెచ్చువారెవ్వరు?

ఆ బృందము క్రొత్త నమూనా తెచ్చి వారిపై రుద్దలేదు. వెలుపలి దాతలు ధనమిచ్చిరి; కట్టినవారు మాత్రము గ్రామస్థులే. పెద్దలు చెప్పుచుండగా యువకులు కొయ్య చెక్కిరి, పేముతో బిగించిరి. 2011 నాటికి ఏడిండ్లును లేచినవి. 2012లో యునెస్కో సంస్థ ఆసియా, పసిఫిక్ ప్రాంతములకు ఇచ్చు వారసత్వ పరిరక్షణ బహుమతులలో అగ్రస్థానము ఈ పనికే దక్కినది.

బహుమతితో కష్టములన్నియు తీరెనని భావింపరాదు. పైపల్లెలో బడి లేదు. చదువు కొరకు పసిపిల్లలు కొండ దిగువనున్న కొంబో అను ఊరిలో ఉండవలెను. అందుచేత ఎన్నియో కుటుంబములు రెండు ఊళ్ళుగా చీలియున్నవి; తోట పైన, బిడ్డ క్రింద. చదివిన బిడ్డ మరల కొండ నెక్కునా? ఎక్కినచో ఏ పని చేయును? ఆ తల్లిదండ్రులను వేధించు ప్రశ్న ఇదియే. మన శివారు పల్లెలలోని తల్లిదండ్రులకును ఈ బాధ తెలియనిది కాదు.

దీనికి కొంత సమాధానము యాత్రికుల రాకవలన లభించినది. దేశదేశములనుండి వచ్చువారు మొదట పెద్దయింటికి పోయి, కులపెద్ద ప్రార్థన చేసిన తరువాతనే ఊరిలో తిరుగవలెను. రాత్రి చాపలపై పరుండుదురు; అచటి కాఫీ త్రాగుదురు; స్త్రీలు నేసిన వస్త్రములు కొందురు. ఆతిథ్యపు బాధ్యతను గ్రామస్థులే వహింతురు. అయితే 2020లో కోవిడ్ వ్యాధి ప్రపంచమున వ్యాపించి ప్రయాణములు నిలిచినప్పుడు, ఒక్క రాబడినే నమ్ముకొనరాదను సత్యము యాత్రాస్థలముల కన్నింటికిని తెలిసివచ్చినది. తోటయు, అటుకపైని ధాన్యమును విడువరాదు.

ఇక పాలన మాట. వారి భాషలో గ్రామమును ‘దేసా’ యందురు. అది మన ‘దేశ’ శబ్దమే. గ్రామాధిపతి ‘కెపాలా దేసా’. ‘కపాల’ శబ్దము అచట ‘తల’ యను నర్థమున స్థిరపడినది. వాయె రెబో ప్రత్యేక గ్రామము కాదు; సతార్ లెండా అను గ్రామ పరిధిలోని శివారు పల్లె. 2014లో ఆ దేశము గ్రామశాసనమును చేసినది. 2015 నుండి కేంద్రనిధులు డెబ్బది వేలకు పైగా గ్రామములకు అందసాగినవి. మొదటి యేడు ఇంచుమించు 20 లక్షల కోట్ల రుపియాలు కాగా, 2017 నాటికి అది 60 లక్షల కోట్లకు పెరిగినది. అంకె చూచి బెదరవలదు. మన ఒక్క రూపాయికి నూటయేబదికి మించిన రుపియాలు వచ్చును. బాటలు, వంతెనలు, త్రాగునీరు, కాలువలు మొదలగు పనులను గ్రామసమావేశమున చర్చించి నిర్ణయింతురు. జమాఖర్చులు పెద్ద పలకపై వ్రాసి ఊరిలో నిలుపుదురు.

ధనము వచ్చినచోట దురాశయు వచ్చును. నిధులు అపహరించి శిక్షలు పొందిన గ్రామాధిపతులును అచట కలరు. 2024లో శాసనమును సవరించి గ్రామాధిపతి పదవీకాలమును ఆరేండ్లనుండి ఎనిమిదేండ్లకు పెంచినారు. పదవి పొడిగిన కొలది ప్రజల కన్ను మరింత మెలకువగా నుండవలెను గదా!

సభ్యులారా! మీ ఊళ్ళకు పోయిన తరువాత మూడు ప్రశ్నలు వేసికొనుడని మా మనవి. మన ఊరిలో పెద్దల చేతులలో మాత్రమే మిగిలిన విద్య యేది? దానిని నేర్చు పిల్లవాడొక్కడైన కలడా? శివారు పల్లె బిడ్డ బడికి ఎంతదూరము నడచుచున్నాడు? పంచాయతీ లెక్క చదువరాని వానికి గూడ తెలియునట్లు గ్రామసభలో వినిపించుచున్నామా? వీనికి సమాధానము వెదకుట రేపటి విత్తనమును భద్రపరచుట వంటిది. ఆ భారము మన చేతులలోనే యున్నదని విన్నవించుచు సెలవు గైకొనుచున్నాము.