సంయుక్తమని తెలిసియు విడివడని సంఖ్యలు



జీవితమెల్ల బాలురకు అంకగణితము బోధించుటయందే గడపిన ఒక ఉపాధ్యాయుని పేరిట వెలసిన ఈ ధర్మనిధి ఉపన్యాసమునకు, బడిలో నేర్పెడి కారణాంక విభజనమునే విషయముగా గైకొంటిని. ఒక సంఖ్య సంయుక్తమని యెఱుంగుటయు, దాని కారణాంకముల నెఱుంగుటయు ఒక్కటేయని సాధారణముగా తలంతుము. ఆ తలంపు సరికాదనియు, ఆ రెంటి నడుమ గల దూరము సంఖ్యాశాస్త్రమందలి మిక్కిలి లోతైన విషయములలో నొకటియనియు నా విశ్వాసము.

91ని తీసికొందము. 17వ శతాబ్దమున ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా కనుగొనిన సిద్ధాంతము ననుసరించి, 91 ప్రధాన సంఖ్యయే యైనచో, 2 యొక్క 90వ ఘాతమును దానిచే భాగింపగా శేషము 1 కావలెను. ఆ మహాసంఖ్యను వ్రాయనక్కఱలేదు. 2 యొక్క 12వ ఘాతము 4096. అందు 91 నలుబదియైదు మార్లు పోగా 1 మిగులును. కావున 84వ ఘాతమునకును శేషము 1 యే. ఇక మిగిలిన ఆఱవ ఘాతము 64. శేషము 1 గాక 64 వచ్చినది గనుక 91 ప్రధాన సంఖ్య కానేరదు. 7నుగాని 13నుగాని మనము స్మరింపనైన లేదు! అయితే శేషము 1 వచ్చినంతమాత్రమున ప్రధాన సంఖ్యయని నమ్మరాదు. 341 ఈ పరీక్షలో నెగ్గియు 11, 31ల లబ్ధమే.

1644లో పారిస్ నగరపు క్రైస్తవ సన్యాసి మెర్సెన్, 2 యొక్క 67వ ఘాతములో ఒకటి తీసివేయగా వచ్చు 14,75,73,95,25,89,67,64,12,927ను ప్రధాన సంఖ్యల పట్టికలో చేర్చెను. 1876లో ఫ్రెంచి గణితజ్ఞుడు ల్యూకా, కారణాంకమొక్కటియు చూపకయే, అది సంయుక్తమని నిరూపించెను. ఆ పిమ్మట ఇరువదియేడేండ్లకు, 1903 అక్టోబరులో, అమెరికా గణిత సమాజపు సభయందు గణితాచార్యుడు ఫ్రాంక్ నెల్సన్ కోల్ నల్లబల్ల యొద్దకు వచ్చి, ఒక్క మాటయు పలుకక, ఒక ప్రక్క ఆ ఘాతమును, మఱొక ప్రక్క 19,37,07,721ని 7,61,83,82,57,287చే గుణించిన లబ్ధమును వ్రాసి, రెండును సరిపోగానే వెడలి కూర్చుండెననియు, సభ కరతాళధ్వనులతో మ్రోగెననియు, ఆ శోధనకు మూడేండ్ల ఆదివారములు పట్టినట్లు కోల్ తనతో చెప్పెననియు గణితచరిత్రకారుడు బెల్ వ్రాసినాడు.

కథ రమ్యమే, కాని నన్నంతకంటె ఆకర్షించునది ఆ చిన్న కారణాంకము దాగియున్న తావు. ఈ సంఖ్యకు గల ప్రతి కారణాంకమును 134 యొక్క గుణిజమునకు ఒకటి చేర్చినదిగానే యుండవలెను. ఆ మెట్లనే యెక్కుచు పోయినను, 14,45,580వ మెట్టునగాని అది దొరకదు. వర్గశేషముల (వర్గసంఖ్యలను భాగింపగా మిగులు శేషముల) సాయమున ఆ త్రోవను కుదించుటయే కోల్ చూపిన నేర్పు.

కోల్ సంఖ్య తుదకు విడివడినది; అట్లు విడివడనిదియు నొకటి గలదు. 2 యొక్క 10,48,576వ ఘాతమునకు ఒకటి చేర్చిన ఫెర్మా సంఖ్యకు 3,15,653 అంకెలు. అది సంయుక్తమని 1988లో ప్రకటితమైన గణన తేల్చినది. నేటివరకును దాని కారణాంకమొక్కటియు ఎవరికిని చిక్కలేదు.

2002లో కాన్పూరు ఐ.ఐ.టి.యందు మణీంద్ర అగ్రవాల్, ఆయన శిష్యులు నీరజ్ కయల్, నితిన్ సక్సేనాలు, ఏ సంఖ్యయైనను ప్రధానమగునో కాదో, అంకెల సంఖ్య యొక్క ఒక నియత ఘాతమునకు మించని శ్రమతో, నిస్సంశయముగా నిర్ణయించు పద్ధతిని కనుగొనిరి. మన దేశమునకు గర్వకారణమైన ఆ పద్ధతియు సంయుక్తమని తీర్పు చెప్పునే కాని, కారణాంకములను సామాన్యముగా చేతికందీయదు. రివెస్ట్, షమీర్, ఆడెల్మన్‌లు తమ రహస్యలేఖన విధానమును ఈ భేదముమీదనే నిలిపి, 1977లో లోకమునకు సవాలుగా విడిచిన 129 అంకెల సంఖ్య 1994లో, అటుపిమ్మటి సవాళ్లలోని 250 అంకెలది 2020లో విడివడినవి. అంతకంటె ఎంతో పెద్దవి ఇంకను విడివడక, నేటి బ్యాంకుల లావాదేవీలకు కాపలా కాయుచున్నవి. అయినను విభజనము స్వభావముచేతనే దుష్కరమని నిరూపించినవారు లేరు; నేటి సాధారణ గణనయంత్రములకు సుకరమైన మార్గమును చూపినవారును లేరు.