పెంపుడు పక్షులు – రంగుల వారసత్వము



మనము నివసించు ఈ మయూర్ విహార్‌కు నెమలి పేరు పెట్టిరి. 1963లో జాతీయ పక్షిగా ప్రకటింపబడిన ఆ నెమలి కంఠమున నీలిరంగు పదార్థమేదియు లేదనిన మీకు ఆశ్చర్యము కలుగవచ్చును. ఈకను నూరి పొడి చేసినచో ఆ నీలము మాయమగును. అది ఈకలోని సూక్ష్మ నిర్మాణము వెలుతురుతో ఆడు ఆట.

మన బాల్కనీల పంజరములలో పెరుగు ‘లవ్ బర్డ్స్’ సంగతియు ఇట్టిదే. వీని అసలు పేరు బడ్జెరిగార్, జన్మభూమి ఆస్ట్రేలియా. 1840లో జాన్ గూల్డ్ వీనిని ప్రాణములతో ఇంగ్లండునకు తెచ్చెను. అడవిలో ఇది పచ్చని పక్షి. ఈక నిర్మాణమును, అందలి నల్లని మెలనిన్‌యును కలిసి నీలము నిచ్చును. దానికి పసుపు వర్ణకము తోడైన ఆకుపచ్చ యగును. పసుపు లోపించిన నీలిపక్షి, మెలనిన్ లోపించిన పసుపుపక్షి, రెండును లోపించిన తెల్లపక్షి.

పసుపును తయారుచేయు జన్యువును శాస్త్రజ్ఞులు 2017లో గుర్తించిరి. ప్రతి పక్షికిని అది తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి సంక్రమించును. ఒక్కటి చక్కగా నున్నను పక్షి పచ్చగనే యుండును. కనుక లోపమును దాచుకొనిన పచ్చని జంటకు నీలిపిల్ల పుట్టవచ్చును. సగటున నాల్గింట ఒకటి. అమ్మినవాడు మోసగించెనని అనుకొన నక్కరలేదు. 1866లో మెండెల్ బఠానీ మొక్కలతో చూపిన లెక్కయే యిది.

ఎఱ్ఱకన్నుల పసుపుపక్షి దారి వేరు. ఆ జన్యువు లింగ క్రోమోజోముపై నున్నది. మగపక్షికి జెడ్ క్రోమోజోములు రెండు, ఆడదానికి ఒకటే. అట్టి మగపక్షిని పచ్చని ఆడపక్షితో జతపరచిన, సాధారణముగ ఆడపిల్లలు తండ్రివలె పసుపు, మగపిల్లలు తల్లివలె పచ్చన. పక్షులలో పిల్ల ఆడో మగో నిర్ణయించునది తల్లి; మనుష్యులలో తండ్రి. ఆడపిల్ల పుట్టినదని కోడలిని నిందించువారు ఈ మాట వినవలెను.

అపురూపమైన రంగుకై తోబుట్టువులనే జతపరచువారు గలరు. నీలము దాగియుండునట్లే రోగకారకములైన లోపములును దాగియుండును. దగ్గరి రక్తము కలిసినపుడు అవి బయటపడు అవకాశము హెచ్చును. మేనరికముల విషయమున వైద్యులు చేయు హెచ్చరికకు మూలమిదియే. ఆస్తి చేజారదని, అక్క మాట కాదనలేమని సంబంధము నిశ్చయించుటకు ముందు, వైద్యుని సలహా పొందుట బంధుత్వమునకు భంగము కాదు. పుట్టబోవు బిడ్డకు మనమిచ్చు తొలి కానుక యది.