ఫైలు చిరునామా – ఎక్కడి నుంచి లెక్క?



హొసపేటలో పాతకాలపు ఇల్లు ఒకటి ఉందనుకోండి. 1953కు ముందు ఆ ఇంటికి ఉత్తరం రాయాలంటే మద్రాసు రాష్ట్రం, బళ్ళారి జిల్లా అని రాసేవారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అందులో చేరాయి. హొసపేటతో సహా మిగిలిన బళ్ళారి జిల్లా మైసూరు రాష్ట్రానికి వెళ్ళింది. 1973లో మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటక అయింది. 2021లో హొసపేట కేంద్రంగా విజయనగర జిల్లా ఏర్పడింది. ఇల్లు అంగుళం కదలలేదు, చిరునామా మాత్రం మూడుసార్లు మారింది.

అదే ఇంటిని ఊళ్ళోవాళ్ళు “గుడి వెనక మూడో ఇల్లు” అంటారు. ఆ గుర్తు ఒక్కసారి కూడా మారలేదు. అయితే ఒక షరతు ఉంది. వినేవాడికి ఏ గుడి అన్నది తెలిసి ఉండాలి. ఇంకో గుడి దగ్గర నిలబడి లెక్కపెడితే ఎవరింటి తలుపో తట్టవలసివస్తుంది.

కంప్యూటరులో ఫైళ్ళకు కూడా ఇలాగే రెండు రకాల చిరునామాలు ఉన్నాయి. డ్రైవు పేరుతో మొదలుపెట్టి ఒక్కొక్క ఫోల్డరు పేరూ వరుసగా చెప్పేది పూర్తి చిరునామా. దీన్ని ఆబ్సల్యూట్ పాత్ అంటారు. “ఇక్కడి నుంచి పక్క ఫోల్డరులో”, “ఒక మెట్టు పైకి వెళ్ళి” అని చెప్పేది రిలేటివ్ పాత్. వెబ్ అప్లికేషను తయారుచేసేవారు డేటాబేసు ఎక్కడుందో, ఫొటోలు ఎక్కడ దాచాలో సెట్టింగుల ఫైలు ఒకదానిలో రాసిపెడతారు. దాన్నే కాన్ఫిగరేషన్ ఫైలు అంటారు. ఆ ఒక్క పంక్తి గురించే నేటి నా మాటలు.

ఈ పాఠం నేను పుస్తకంలో నేర్చుకోలేదు. మా బడిలో పిల్లల మార్కులు ఎక్కించడానికి చిన్న అప్లికేషను ఒకటి నేనే రాశాను. మొదటి ఏడు డేటాబేసుకు పూర్తి చిరునామా ఇచ్చాను. అందులో నా కంప్యూటరు ఫోల్డరు పేరు కూడా ఉంది. మరుసటి ఏడు దాన్ని బడి కంప్యూటరులోకి మారిస్తే, ఫైలు దొరకలేదని వెంటనే మొరాయించింది. సరే, తెలివి వచ్చిందనుకుని పూర్తి చిరునామా తీసేసి, ఉత్త ఫైలు పేరు మాత్రమే రాశాను. ఏ కంప్యూటరులో పెట్టినా పనిచేసింది. నాలో నేనే మురిసిపోయాను.

అర్ధ సంవత్సర పరీక్షలయ్యాక ఒకరోజు నేను సెలవులో ఉన్నాను. మా తోటి ఉపాధ్యాయురాలు అప్లికేషను తెరిస్తే పదో తరగతి మార్కుల పట్టిక ఖాళీగా ఉంది. ఒక్క పేరు కూడా లేదు. మర్నాటికి మార్కులు పంపాలి. పాపం ఆమె పేపర్లన్నీ ముందేసుకుని రెండు గంటలపాటు మళ్ళీ ఎక్కించారు. నేను వచ్చి చూస్తే పాత మార్కులు ఎక్కడికీ పోలేదు. పాత ఫోల్డరులో భద్రంగా ఉన్నాయి. ఆ రోజు అప్లికేషనును వేరే ఫోల్డరులో నుంచి మొదలుపెట్టారు, అంతే. నేను రాసిన ఉత్త పేరును కంప్యూటరు ఆ ఫోల్డరు నుంచి లెక్కపెట్టింది. మా డేటాబేసు ఎస్‌క్యూలైట్. అడిగిన ఫైలు లేకపోతే, మనం వద్దని చెప్పనంతవరకూ, అదే కొత్తది సృష్టించుకుంటుంది. నా ప్రోగ్రాము అందులో ఖాళీ పట్టికలు కూడా తయారుచేసి పెట్టింది. ఇప్పుడు మార్కుల ఫైళ్ళు రెండు. కొందరు పిల్లలకు ఒకదానిలో ఒక మార్కు, రెండోదానిలో ఇంకో మార్కు. ఏది సరైనదో తేల్చడానికి ఇద్దరం పొద్దుపోయేదాకా కూర్చున్నాం. తప్పు ఆమెది కాదు, నాది.

గమనించండి. పూర్తి చిరునామా తప్పితే కంప్యూటరు సాధారణంగా కేక వేసి చెబుతుంది. రిలేటివ్ చిరునామా తప్పితే ఒక్కొక్కసారి చప్పుడు చేయకుండా మోసం చేస్తుంది.

అలాగని రిలేటివ్ చిరునామా చెడ్డదని కాదు. ఇల్లు మారవలసిన అప్లికేషనుకు అదే మంచిది. కాకపోతే “దేని నుంచి?” అన్న ప్రశ్నకు జవాబు ముందే స్థిరపరచాలి. ఆ జవాబు అన్నిచోట్లా ఒకటి కాదు. అపాచీ సర్వరు తన సెట్టింగులలో సర్వర్‌రూట్ అని చెప్పిన ఫోల్డరు నుంచి లెక్కిస్తుంది. ఏఎస్‌పీ డాట్ నెట్‌లో టిల్డా అనే అల గుర్తు పెడితే అప్లికేషను మూలం నుంచి అని అర్థం. నోడ్‌లో అయితే ఒకే ప్రోగ్రాములో రెండు పద్ధతులున్నాయి. రిక్వైర్ అనే ఆజ్ఞ చుక్కతో మొదలైన చిరునామాను ఆ ఆజ్ఞ ఉన్న ఫైలు నుంచి లెక్కిస్తుంది. ఫైలు చదివే ఆజ్ఞ ప్రోగ్రాము నడుస్తున్న ఫోల్డరు నుంచి లెక్కిస్తుంది. లినక్సులో కంప్యూటరుతో పాటే మొదలయ్యేలా సిస్టమ్‌డీకి అప్పగిస్తే, మనం వేరే చెప్పకపోతే, అన్నిటికీ పైనున్న రూట్ ఫోల్డరే మొదలు. చేత్తో నడిపినప్పుడు బాగున్న అప్లికేషను అక్కడ తడబడేది ఇందుకే.

మరి ఏం చేయాలి? ప్రోగ్రాము ముందుగా తన ఫైలు ఎక్కడుందో తానే తెలుసుకుని, అక్కడి నుంచి మిగిలినవన్నీ లెక్కించాలి. పీహెచ్‌పీలో డిర్ అనే స్థిరపదం, పైథాన్‌లో ఫైల్ అనే పేరు ఇందుకే ఉన్నాయి. జాంగోలో కొత్త ప్రాజెక్టు మొదలుపెడితే బేస్‌డిర్ పేరుతో ఈ పని ముందే చేసి ఇస్తారు. అంటే మన గుడి ఏదో మనమే చూపించడమన్నమాట.

రెండోది, డేటాబేసు ఫైలు ముందే ఉండి తీరాలనుకుంటే, లేనప్పుడు కొత్తది సృష్టించవద్దని స్పష్టంగా చెప్పాలి. మూడోది, ఫైలు పేర్లన్నీ చిన్న అక్షరాలలోనే రాయండి. విండోస్ మామూలుగా పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా చూడదు, లినక్సు చూస్తుంది. నాలుగోది అన్నిటికన్నా సులువు. పని పూర్తయ్యాక అప్లికేషనును ఒకసారి కావాలనే వేరే ఫోల్డరులో నుంచి మొదలుపెట్టి చూడండి. ఆ పరీక్షకు రెండు నిమిషాలు చాలు. నేను ఆ రెండు నిమిషాలు వెచ్చించలేదు, ఆమె రెండు గంటలు వెచ్చించారు.

మీ ఇంట్లో కంప్యూటరు చదువుతున్న అబ్బాయో అమ్మాయో ఉంటే, ఈ రాత్రి భోజనాల దగ్గర ఒక్క మాట అడగండి. “నువ్వు రాసిన చిరునామా సరే, లెక్క ఎక్కడి నుంచి నాయనా?” అని. జవాబు తడుముకోకుండా వస్తే ఆ బిడ్డకు పని వచ్చినట్టే.