గండికోట కొండపై నక్షత్ర దర్శనము

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో నివసించు కుటుంబములకు విహారమనగానే తిరుపతియో, బెంగుళూరో జ్ఞప్తికి వచ్చును. ఇంటికి రెండు గంటల ప్రయాణదూరములోనే ఒక దినమంతయు గడుపదగిన కొండ కలదనియు, ఆ దినము సూర్యాస్తమయముతో ముగియనక్కరలేదనియు తలంచువారు తక్కువ. ఆ కొండ గండికోట. అచ్చటికి పోయినవారిలో పెక్కుమంది లోయను చూచి, ఛాయాచిత్రములు తీసికొని, ప్రొద్దు గ్రుంకగానే తిరుగుముఖము పట్టుదురు. ఆ స్థలపు సంపదలో సగము చీకటి పడిన పిదపనే కానవచ్చునని నేడు మనవి చేయదలచితిని.

గండికోట జమ్మలమడుగునకు పడమట సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్నది. పులివెందులవారు ముద్దనూరు మీదుగా రావచ్చును. పెన్నానది ఎర్రమల కొండలను చీల్చుకొని పోయినచోట ఏర్పడిన గండియే కోటకు పేరిచ్చినది. గట్టుపై నిలిచి చూచినచో సుమారు 300 అడుగుల లోతున నది కనబడును. కోటలో మాధవరాయస్వామి ఆలయము, రంగనాథాలయము, జుమ్మా మసీదు, ధాన్యాగారము, కత్తుల కోనేరు చూడదగినవి. పెమ్మసాని నాయకులేలిన ఈ దుర్గము 17వ శతాబ్ది నడుమ గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైనది. ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే 1652లో ఇచ్చటికే వచ్చి ఆయనను కలిసికొనెను. ఇవన్నియు నెమ్మదిగా చూచుటకు ఒక పగలు చాలును.

విహారమునకు చలికాలము మేలు. పంచాంగము చూచి పుష్యమాసపు అమావాస్యకు అటునిటుగా ఒక దినము నిర్ణయించుకొనవలెను. వెన్నెల యున్న రాత్రి చిన్నచుక్కలు కానరావు. జొన్నరొట్టెలు, ఊరిబిండి, పెరుగన్నము, త్రాగునీరు, కప్పుకొనుటకు దుప్పట్లు వెంట నుండవలెను. లోయ అంచున పెక్కుచోట్ల అడ్డుగోడ లేదు. కావున వెలుతురుండగనే పిల్లలను వెనుకకు తీసికొనివచ్చి, అంచునకు దూరముగా చదునైన బయట చాప పరచుకొనవలెను. రాత్రి నిలువదలచినవారికి పర్యాటక సంస్థవారి వసతిగృహము కలదు. టార్చిలైటుకు ఎర్రకాగితము చుట్టుడు. చీకటికి కన్నులలవాటు పడుటకు అరగంట పట్టును. ఒక్కమారు తెల్లని దీపము వెలిగించినచో ఆ అరగంటయు వ్యర్థము.

జనవరి నడుమ రాత్రి 8 గంటలకు ఆకాశమెట్లుండునో చెప్పెదను. ఇంచుమించు నడినెత్తిన ఒక చిన్న చుక్కల గుంపు కనబడును. పంచాంగకర్తలకు అవి కృత్తికలు. మన పల్లెలలో పిల్లలకోడి. దానికి తూర్పుగా వరుసగా నిలిచిన మూడు చుక్కలు గొఱ్ఱుకొయ్యలు. విత్తనము వేయు గొఱ్ఱును చూచినవారికి ఆ పేరెందుకు వచ్చెనో వేరుగ చెప్పనక్కరలేదు. రాత్రివేళ కపిల తోలిన రైతుకు ఇవియే గడియారము. ఆ వరుసను ఆగ్నేయముగా పొడిగించినచో మిక్కిలి ప్రకాశవంతమైన లుబ్ధకుడు దొరకును. దక్షిణమున దిగువగా మెరయునది అగస్త్యుడు. లుబ్ధకుని ప్రక్కగా ఉత్తరదక్షిణములుగా పలుచని పొగవలె సాగునది పాలపుంత.

ఉత్తరమునకు తిరిగి చేయి చాచి పిడికిలి బిగింపుడు. పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. దిగంతమునుండి ఒకటిన్నర పిడికిళ్ల ఎత్తున, అంత ప్రకాశము లేని చుక్క యొకటి కదలక నిలిచియుండును. అదియే ధ్రువుడు. ఏ ఊరినుండి చూచినను ధ్రువుని ఎత్తు ఆ ఊరి అక్షాంశమునకు ఇంచుమించు సమానము. గండికోట అక్షాంశము దాదాపు 15 డిగ్రీలు. పిల్లవాడు తన పిడికిలితో భూగోళముపై తన ఊరి స్థానమును కొలిచినట్లయినది. రాత్రి కొండపైననే నిలిచి తెల్లవారుజామున లేచినవారికి దక్షిణమున దాదాపు అదే ఎత్తులో త్రిశంకు నక్షత్రమండలము కనబడును. ధ్రువుడు, త్రిశంకువు ఒకేమారు కనబడు ఈ భాగ్యము లండన్ నగరవాసులకు గాని, సిడ్నీ నగరవాసులకు గాని లేదు.

లుబ్ధకుని వెలుగు మనలను చేరుటకు ఎనిమిదిన్నర యేండ్లకు పైగా పట్టును. మూడవ తరగతి చదువు బాలునితో, "నీవు పుట్టిననాడు బయలుదేరిన వెలుగిది" అని చెప్పవచ్చును. పిల్లలకోడి వెలుగు సుమారు 440 యేండ్ల క్రిందటిది. అది బయలుదేరిననాడు ఈ కోట పెమ్మసానివారిది. ఇంతకన్న వింత మన కాలిక్రిందనే యున్నది. పులివెందుల దాపున భూగర్భమునుండి ఉబికిన శిలాద్రవము గడ్డకట్టి యేర్పడిన నల్లరాతిపొర వయస్సు సుమారు 188 కోట్ల సంవత్సరములని శాస్త్రజ్ఞులు 2008లో ప్రకటించిరి. పిల్లలకోడి పుట్టి పది, పండ్రెండు కోట్ల యేండ్లు మాత్రమే. అనగా మన పొలముగట్టున నున్న రాయి ఆకాశమునందలి ఆ చుక్కలకన్న ఎంతయో పెద్దది.

ఇక ముఖ్యవిషయము. ప్రొద్దుటూరి మిద్దెపై పండుకొనిన బాలునికి నేడు పాలపుంత కానరాదు. చుక్కలు తరిగినవని కాదు. వీధిదీపముల వెలుగు పైకి చిమ్మి, గాలిలోని దుమ్ముపైబడి, ఆకాశమునంతను తెల్లబరచుచున్నది. గండికోట రాళ్లను పురావస్తుశాఖ కాపాడుచున్నది; దానిపైనున్న చీకటికి కావలివారు లేరు. యాత్రికులు పెరిగినకొలది దీపములును పెరుగును. ఇతరప్రాంతములవారు ముందే మేల్కొనిరి. లడఖ్‌లోని హాన్లే ప్రాంతమును 2022లో రక్షిత నిశాకాశ ప్రదేశముగా ప్రకటించిరి. మహారాష్ట్రలోని పెంచ్ అభయారణ్యమునకు 2024లో అట్టి అంతర్జాతీయ గుర్తింపు లభించినది. అచ్చట దీపములు లేకపోలేదు. అవి నేలను చూచుచున్నవి, అంతే. దీపమునకు పైనొక మూత, అవసరము తీరగానే ఆర్పు నియమము: గండికోటకు వలసిన ఏర్పాటీపాటిదే. మన యింటి వాకిటి దీపమునకును ఇదియే వర్తించును.

చీకటితోబాటు పేర్లును పోవుచున్నవి. గొఱ్ఱుకొయ్యలు, పిల్లలకోడి యన్నమాటలు ఎరిగిన అవ్వలు, తాతలు ఇంకను మన యిండ్లలో నున్నారు. కొండకు పోవునాడు వారిని ఇంట విడువవలదు. బండిలో మొదటి చోటు వారికిచ్చి, చాపపై పిల్లలను వారి ప్రక్కన పండుకొనబెట్టుడు. తక్కిన పాఠము వారు చెప్పుదురు.